నల్ల గ్యాస్కెట్

పోయిన వారం మీరు నన్ను వదిలి వెళ్ళేసరికి నేను ల్యాబులో నిలబడి, చూపుడు వేలికి అంటిన నల్లటి మరకను చూసుకుంటున్నాను. ఆ మరక ఇంకా పోలేదు. సబ్బు పెట్టి రుద్దాను, గోడకేసి రుద్దాను. పెన్సిల్ ముక్కు రాసినట్టు మెరుస్తూ అక్కడే ఉంది.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి. మా ఊళ్ళో తాగేది సముద్రపు నీరే. ఉప్పునీటిని కాచి, ఆవిరిని పట్టి, మంచినీరు చేసే ఫ్యాక్టరీ ఒకటి ఊరి చివర ఉంది. మా ఆయన అందులో షిఫ్ట్ ఇంజనీరు. నెల కిందట మొదటి లైనులో ఒక జాయింటు తెంచుకుని, సలసలా కాగే ఉప్పునీరు చిమ్మింది. పక్కనే యంత్రాలకి నూనె వేస్తున్న ఆయిల్‌మన్ మీద పడింది. ఎప్పుడూ ఈల వేస్తూ తిరుగుతాడని అందరూ అతన్ని ‘ఈల’ అనే పిలిచేవాళ్ళు. ఆసుపత్రిలో మూడు రోజులు నరకం చూసి పోయాడు.

విచారణ సంఘం పెద్దలు తేల్చిందేమిటంటే, ఊళ్ళో నీళ్ళు చాలడం లేదని మా ఆయన వాల్వు మొత్తం తెరిచి నీటిని మితిమీరి పరుగెత్తించాడట. ఆ వేగానికి లోహం అరిగిపోయిందట. అంటే ఈల చావుకి కారణం మా ఆయనట. అదే ఖాయమైతే జైలు.

అందుకని ఆ పొద్దునే మా ఆయన ఒక పందెం కట్టాడు. "రెండో లైను కూడా అదే లోహం. అదే నీరు, అదే వేడి. సాయంత్రం నేనే వాల్వు మొత్తం తెరిచి నడుపుతాను, పక్కనే నిలబడతాను. ఏమీ కాకపోతే తప్పు వేగానిది కాదని ఒప్పుకుంటారా?" అని సంఘం ముందు నిలబడి అడిగాడు. వాళ్ళు ఒప్పుకున్నారు. ఆ సలహా ఆయన చెవిలో ఊదిన మహాతల్లిని నేనే.

నాకేం, లోహాలు పరీక్షించే ఉద్యోగం కదా, నాకు తెలియనిదేముంది అనుకున్నాను. ఈ లోహానికి వేగమంటే భయం లేదు. మామూలు ఇనుము, రాగి అయితే పరుగెత్తే ఉప్పునీటికి అరిగిపోతాయి. ఇది ఖరీదైన మిశ్రమం, తన ఒంటి మీద తానే కంటికి కనిపించని పొర ఒకటి కప్పుకుంటుంది. పారే నీటిలో గాలి కలిసి ఉంటుంది కనుక ఆ పొర చిరిగినా మళ్ళీ అతుక్కుంటుంది. దీని ప్రాణానికి అసలు ముప్పు పారే నీటితో కాదు, ఏ సందులోనో ఇరుక్కుని కదలకుండా నిలిచిపోయిన నీటితో. అక్కడికి గాలి అందదు, పొర అతుక్కోదు, ఉప్పు మాత్రం పోగుపడుతూ ఉంటుంది. అంతే, లోపల్లోపలే తినేస్తుంది. ఇదంతా నేను కాలేజీలో నేర్చుకున్నాను, పదిమందికి చెప్పాను, గొప్పగా తలెగరేశాను.

మొదటి లైను జాయింటులోంచి ల్యాబుకి వచ్చిన ముక్కను కోసి చూస్తే అలాగే ఉంది. నీళ్ళు పారిన వైపు నున్నగా ఉంది. రెండు పైపుల అంచులు కలిసే చోట, నీరు కారకుండా మధ్యలో బిగించే గ్యాస్కెట్ కూర్చునే ముఖం మీద మాత్రం గుండ్రంగా గోతులు పడ్డాయి. ఆ గోతుల్లోనే ఈ నల్లటి పొడి. డ్రాయింగులో అక్కడ రబ్బరు గ్యాస్కెట్ అని ఉంది. రబ్బరు వేలికి ఇలా అంటదు. ఇది గ్రాఫైట్, పెన్సిల్లో ఉండేదే. ఉప్పునీటి లైనులో దీన్ని పెట్టడమంటే చేజేతులా విషం పోయడమే.

మరి పెట్టిందెవరు? ఆ ఫ్యాక్టరీలో జాయింటు విప్పి గ్యాస్కెట్ మార్చాలంటే అందరూ వెతికే చెయ్యి ఒక్కటే. మా ఇంట్లో ఆ చేతికి రోజూ టీ గ్లాసు అందించేది నేనే.

కోసిన ముక్కలో సగం పాత పేపర్లో చుట్టుకుని బ్యాగులో వేసుకున్నాను. అది తప్పని నాకు తెలుసు. స్కూటర్ ఎలా నడిపానో తెలియదు, ఇంటి గేటు దగ్గరే ఆగాను.

మామయ్యగారు పెరటి వరండాలో పీట వేసుకుని కూర్చుని పక్కింటివాళ్ళ కుళాయి విప్పి బాగుచేస్తున్నారు. రిటైరైనా ఫ్యాక్టరీ వాళ్ళు, మరమ్మతుకి లైను ఆపే ప్రతి షట్‌డౌన్‌కీ ఆయన్నే పిలుస్తారు. అక్కడ ఆయన పేరు పెద్ద మేస్త్రి. మా వీధిలో ఎవరింట్లోనూ కుళాయి కారదు, కారితే ఆయనకి నిద్రపట్టదు. అత్తయ్య తీగ మీద బట్టలు ఆరేస్తోంది.

ఇంకో సంగతి చెప్పాలి. ఈల పోయినప్పటినుంచి మామయ్యగారు కొడుకుతో మాట్లాడటం లేదు. ఈల ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. దహనం అయ్యాక ఇంటికొచ్చి, "నీ తొందరే వాణ్ణి తినేసింది" అని ఒక్క మాట అన్నారు, అంతే. అప్పటినుంచి ఒకే బల్ల దగ్గర భోజనం, మంచినీళ్ళ గ్లాసు కావాలన్నా నా ద్వారానే రాయబారం. "అమ్మాయ్, ఆ పెద్దమనిషిని కాస్త జరగమను" అంటారు. మా ఆయన తల వంచుకుని జరిగేవాడు. రాత్రి గదిలోకి వచ్చాక నా వైపు కూడా చూడకుండా గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఆ వీపు చూస్తూ ఎన్నిసార్లు ఏడ్చానో నాకే తెలుసు.

"మామయ్యా, ఇది ఒకసారి చూస్తారా?"

చేతులు తుడుచుకుని ముక్క అందుకున్నారు. కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, దగ్గరగా పెట్టుకుని చూశారు. ఆయన మొహం ముడుచుకుపోయింది.

"ఇది ఈలగాడి జాయింటు కదూ."

"అవును. నీళ్ళు పారిన వైపు చూడండి. అరుగుదల ఏమైనా ఉందా?"

బొటనవేలి గోరుతో గీరి చూశారు. మళ్ళీ చూశారు. "లేదు. కొత్తదానిలా ఉంది." తర్వాత నెమ్మదిగా, "మరి వేగంగా నడిపాడనే కదా అందరూ..."

"వేగం వల్ల కాదు మామయ్యా. ఇప్పుడు ఈ ముఖం చూడండి."

తిప్పి చూశారు. "ఓరి నీ... ఎలుకలు కొరికినట్టుందేమిటే ఇది! ఇంత లోతా?"

వచ్చే దారి పొడవునా ఆ ప్రశ్నను నోట్లో నానబెడుతూనే వచ్చాను. "రబ్బరు గ్యాస్కెట్ తీసేసి ఇక్కడ నల్లది ఎవరు పెట్టారు?"

ఆయన మొహం వికసించింది. దేవుడా, ఆ వెలుగు నేను చూడకుండా ఉంటే ఎంత బాగుండేది!

"ఇంకెవరు, నేనే! ఆ రబ్బరు వేడికి గట్టిపడిపోయి ఊరికే కారేది. ప్రతి షట్‌డౌన్‌లోనూ అదే గోల. ఆవిరి లైన్లకి పెట్టే నల్లది స్టోర్లో ఉంటే తెప్పించి బిగించాను. జీవితమంతా ఆవిరి లైన్లలో అదే పెట్టాను, ఒక్క చుక్క కారితే మీసం తీసేస్తానని పందెం. ఇక్కడా అంతే. పెట్టిన దగ్గర్నుంచి ఒక్క చుక్క కారలేదు. ఆ స్టోర్ వాడే అన్నాడు, పెద్ద మేస్త్రీ మీరుండబట్టి..."

నా మొహం చూసి ఆగిపోయారు.

మా ఆయన మీద నాకున్న ప్రేమంతా అప్పుడు కోపంగా మారి గొంతులోకి వచ్చింది. అరిచేద్దామనుకున్నాను. కానీ ఆ నూనె చేతులు, నుదుటి మీది కళ్ళజోడు చూసి నా వల్ల కాలేదు. వేరే దారిలో వచ్చాను.

"మామయ్యా, ఇనప పైపుకి ఇత్తడి కుళాయి బిగిస్తే తుప్పు దేనికి పడుతుంది?"

"ఇనుముకే. ఇది చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఇత్తడి ముందు ఇనుము లోకువ. రెండూ తడిలో కలిసి ఉంటే లోకువైనదాన్నే తినేస్తుంది."

"ఈ లోహానికీ ఆ నల్లదానికీ మధ్య ఏది లోకువ?"

సమాధానం చెప్పబోయి నోరు తెరిచారు. ఒడిలో ఉన్న కుళాయి జారి కిందపడింది, ఆయన తీసుకోలేదు.

"నల్లది... దీనికంటే పైదా అమ్మాయ్?"

"చాలా పైది. ఇత్తడి కంటే, రాగి కంటే, ఇంత ఖరీదు పెట్టి కొన్న ఈ లోహం కంటే కూడా. మీ ఆవిరి లైన్లలో ఉప్పు ఉండదు కనుక అక్కడ ఎప్పుడూ ఏమీ కాలేదు. ఇక్కడ ఉంది. పైగా వేడి. పైగా గ్యాస్కెట్ సందులో నీళ్ళు కదలవు. బయటికి చుక్క కారనివ్వకుండా లోపల అంతా తినేసింది."

మామయ్యగారు గోడకి చేరగిలబడ్డారు. ఆయన ఏడవడం అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. శబ్దం లేదు, గడ్డం మాత్రం వణుకుతోంది. "ఈలగాడు నా చేతుల్లోనే... వాడి పెళ్ళాం నా కాళ్ళ మీద పడి ఏడిస్తే నేను నా కొడుకుని తిట్టానమ్మా. వాడి మొహం కూడా చూడలేదు." అరచేత్తో నుదురు కొట్టుకున్నారు, కళ్ళజోడు ఎగిరి పడింది.

అత్తయ్య ఎప్పుడు వచ్చిందో, తడి చీర చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. అంతా వినేసింది.

"ఇది ఎవరికైనా చెప్పావా?" అంది నాతో.

"ఇంకా లేదు అత్తయ్యా."

"చెప్పకపోతే?"

"మీ అబ్బాయి జైలుకి వెళతారు."

"చెబితే?"

నేను మామయ్యగారి వైపు చూశాను. ఆవిడే నవ్వింది, అది నవ్వు కాదు. "ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అది ఇదేనన్నమాట. ఒక కంట్లో వేలు పెట్టుకోవాలి, ఏ కన్నో నన్ను చెప్పమంటావా?"

"నిన్ను ఎవరూ ఏమీ చెప్పమనలేదు, ఊరుకో" అన్నారు మామయ్యగారు. లేచి నిలబడ్డారు. మోకాళ్ళు పట్టేసినా ఆసరా కోసం చూడలేదు. "చేసింది నేను. వెళ్ళి చెప్పేది నేను. ఆ చొక్కా ఇలా ఇవ్వు."

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణాన నా గుండె తేలికపడింది. మా ఆయన బయటపడతాడు, అదొక్కటే నా బుర్రలో ఉంది. మామయ్యగారి గతేమిటన్న ఆలోచన తర్వాత వచ్చింది. తప్పో ఒప్పో, అలాగే జరిగింది.

"కంగారు లేదు మామయ్యా, కాస్త స్థిమితపడండి" అన్నాను, ఓదార్పుగా. "ట్రయల్ సాయంత్రం కదా. అది సవ్యంగా అయిపోయాక ముగ్గురం వెళ్ళి నెమ్మదిగా చెబుదాం. రెండో లైనులో రబ్బరే కాబట్టి ఆయనకి భయం లేదు."

ఒక చెయ్యి చొక్కాలో, ఒక చెయ్యి బయట. అలాగే ఆగిపోయారు.

"రెండో లైనులో రబ్బరని నీకు ఎవరు చెప్పారు?"

"డ్రాయింగులో..."

"మొదటిదానికి కూడా డ్రాయింగులో రబ్బరే ఉంది కదమ్మా!"

ఛీ, ఎంత తెలివితక్కువదాన్ని! మొదటి లైనుకి డ్రాయింగు అబద్ధం చెప్పిందని నా వేలి మీదే రుజువు ఉంది. రెండోదానికి మాత్రం అదే డ్రాయింగుని నమ్మి, మొగుణ్ణి తీసుకెళ్ళి దాని పక్కన నిలబెట్టాను.

"మొదటిది బాగా పనిచేసిందని రెండోదానికీ పెట్టాను. వాల్వు పక్క జాయింటుకే. నా చేతులతో నేనే" అన్నారాయన.

మా ఆయనకి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ట్రయల్‌లో పనిచేసేవాళ్ళ ఫోన్లు గేటు దగ్గర పెట్టించుకుంటారని, సంఘం పెద్దల దగ్గరే ఉంటాయని అప్పుడు గుర్తొచ్చింది. విచారణ సంఘం పెద్దాయన నంబరు నొక్కాను, స్పీకర్ పెట్టాను. ఎత్తారు. వెనక నుంచి పెద్ద హోరు.

"అమ్మా, మీరు ఆయన భార్య. మీరిలా నాకు ఫోన్ చెయ్యకూడదు" అన్నారు, తాపీగా.

"ట్రయల్ మొదలుపెట్టకండి సార్! దండం పెడతాను."

"మొదలయ్యి చాలాసేపైంది. సాయంత్రం దాకా ఎందుకు, ఇప్పుడే కానిద్దామని మీవారే తొందరపడ్డారు. వాల్వు మొత్తం తెరిచారు. బ్రహ్మాండంగా నడుస్తోంది. మీరు కంగారు పడకండి."

మామయ్యగారు నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నారు. "అయ్యా, నేను పెద్ద మేస్త్రిని. ఆ జాయింటులో నల్ల గ్యాస్కెట్ ఉంది, పెట్టింది నేను. మొదటి లైనులోనూ నేనే. లోహాన్ని లోపల తినేసింది అదే. నా కొడుక్కి ఏ పాపమూ తెలియదు. మీరు ఏ కాగితం మీద సంతకం పెట్టమంటే దాని మీద పెడతాను."

అవతల మనిషి గొంతు మారిపోయింది. "ఏమిటి మీరనేది? అయితే ఇప్పుడే... పంపు ఆపండయ్యా! ఎవరక్కడ, పంపు స్విచ్ ఆపండి!"

"ఆపొద్దు!" అని కేక పెట్టారు మామయ్యగారు. వీధి వీధంతా వినిపించేలా కేక పెట్టారు. "ఆపొద్దు, ఆపొద్దు! స్విచ్ మీద ఎవడూ చెయ్యి వెయ్యొద్దు!"

ఆయనకి మతి పోయిందనుకున్నాను. పోలేదు.

"ఇంత వేగంలో పంపు టక్కున ఆగితే ముందుకెళ్ళిన నీళ్ళన్నీ వెనక్కొచ్చి కొడతాయి. ఆ దెబ్బ సరిగ్గా ఆ జాయింటు మీదే పడుతుంది. ఈలగాడి రోజున జరిగింది కూడా ఇదే, కరెంటు పోయి పంపు ఆగింది, మరుక్షణం తెంచుకుంది. ముందు వాల్వు మూయాలి, చేత్తో, కొంచెం కొంచెంగా. నీళ్ళు నెమ్మదించాక అప్పుడు పంపు ఆపాలి. విన్నారా?"

"విన్నాను" అన్నారు సంఘం పెద్దాయన.

"మిగతా అందర్నీ బయటికి పంపెయ్యండి. వాల్వు దగ్గర ఎవరున్నారు?"

హోరులోంచి ఆయన చెప్పారు. "మీ అబ్బాయే."

అత్తయ్య చేతిలో చీర కిందపడిపోయింది. "వాణ్ణి కూడా వచ్చెయ్యమనండి! అన్నీ వదిలేసి పరుగెత్తుకు రమ్మనండి! ఏమండీ, మీకే చెప్పేది, వాణ్ణి రమ్మనండి!"

"వదిలేస్తే ఏ క్షణాన కరెంటు పోతుందో ఎవరికి తెలుసే" అన్నారు మామయ్యగారు, ఆవిడ వైపు చూడకుండా. "కొత్తవాడికి ఆ వాల్వు లొంగదు. దాన్ని తిప్పడం వాడికి నేర్పింది నేనే." అని ఫోన్లోకి, "అయ్యా, ఫోన్ వాడి చేతికివ్వండి" అన్నారు.

అడుగుల చప్పుడు. హోరు దగ్గరయ్యింది. ఎవరో ఎవరికో అరిచి చెబుతున్నారు. ఆ కాసేపట్లో నేను ఏ దేవుణ్ణీ తలుచుకోలేదు, ఈ ట్రయల్ పెట్టించింది నేనే, నేనే అని మాత్రం అనుకుంటున్నాను. మామయ్యగారు రెండు చేతులతో ఫోన్ పట్టుకుని నిలబడ్డారు. చొక్కా ఒక చెయ్యి ఇంకా వేలాడుతూనే ఉంది.

"హలో, ఎవరు?" మా ఆయన గొంతు.

"ఒరేయ్..." అన్నారు మామయ్యగారు.

"నాన్నా?" నమ్మలేనట్టు అడిగాడు. "నాన్నా, నువ్వేనా? నాతోనేనా మాట్లాడుతున్నావు?"

"నీతోనేరా. తప్పు నీది కాదురా, నాది. తర్వాత అన్నీ చెబుతాను, నన్ను ఏమైనా అను. ఇప్పుడు నా మాట విను. నీ పక్క జాయింటు లోపల తినేసి ఉంది. వాల్వు మూయాలి, నెమ్మదిగా. చక్రం మీద చెయ్యి వెయ్యి."

"వేశాను."

"తిప్పకముందు ఎడమ పక్కకి జరుగు. జాయింటుకి ఎదురుగా నిలబడకు. తెంచుకున్నా నీళ్ళు నీ మీదకి రాకూడదు. జరిగావా?"

పంపు హోరు వింటూ ముగ్గురం ఆ ఫోన్ మీదకి వంగి నిలబడ్డాం.

"నాన్నా, ఈల పోయాక ఇక్కడ ఎడమ పక్క గోడ కట్టేశారు" అన్నాడు మా ఆయన. "జాయింటుకి ఎదురుగా తప్ప నిలబడటానికి ఇక్కడ ఇంకో చోటు లేదు. చెప్పు, ఎంతెంత తిప్పను?"